ఒక కంబళి ఇద్దరికి

దసరానాటి జీతం ఇంకా కోటలోనే ఉంది.
బొడ్డవర ఘాటీ మీద మేమున్నాం, పుష్యమాసముంది.
నిప్పు రాజేస్తే మంచు తాగేస్తోంది.
చోడంబలి ముంతలోనే గడ్డకట్టి
గుద్దితే గాని రాదు.

ఉప్పు పెరికెలు ఎక్కే దారికి కాపలా.
నెలయింది. ఎద్దు రాలేదు, శత్రువూ రాలేదు.
మందు తడవకూడదని
సంచీని పొట్టకి కట్టుకుని పడుకుంటాడు పోలినాయుడు,
చూలింతలా, పక్కకి తిరగలేక.
మొన్న రాత్రి తౌడన్న దగ్గి దగ్గి ఊరుకున్నాడు.
తెల్లారి చూస్తే
మీసం మీద మంచు కరగలేదు.

జమేదారు గంటయ్య నెగడు దగ్గర కూచోబెట్టి అన్నాడు:
"పోయేవోడు కోడి కూయకముందే పోవాల.
నానటేపు తిరిగి తొంగుంతాను.
ఎవుడు పోనాడో నాకు తెల్దు."

ఆ రాత్రి కొండంతా అడుగుల చప్పుడు.
నేనూ లేచాను, చెప్పులు చేత్తో పట్టుకుని.
కింద శృంగవరపుకోట వైపు ఒక్కటే దీపం,
దాని పక్కన వేడి గంజి ఉందనుకున్నాను.
కంబళి లాగాను.
అటు కొస పోలినాయుడి కింద ఉంది.

ఇద్దరికొకటి ఇచ్చారు,
కోటలో లెక్క రాసుకున్నారు.
తీసుకుపోతే వాడు పోతాడు,
వదిలిపోతే దారిలో నేను.
చింపుదామనుకున్నాను. నిజం, కత్తి కూడా తీశాను.
వాడు నిద్రలోనే
మందుసంచీ సవరించుకున్నాడు.

తెల్లారి లెక్కపెడితే
ముప్పై మందిమి పదిహేడు.
జమేదారు కోటకి చీటీ రాయిస్తున్నాడు,
విశ్వాసమనో, ఉప్పు రుణమనో
ఏదో పెద్ద మాట.
నేను పోలినాయుడి కాళ్ల కింద నుంచి
నా సగం లాక్కుంటున్నాను.