లైటు మీది నల్లచుక్క

పుత్లీబౌలి గల్లీలో, వాన వెలిసిన శుక్రవారం,
ఇటుకల మీద నిలబడి ఉన్నది నా ఫియట్టు.
చక్రాలు లేవు. కళ్లు లేవు.
ఉస్మానియాలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నన్ను
గుర్తుపట్టినట్టు కూడా లేదు.

మక్బూల్ మేస్త్రీ నమాజుకు పోయిండు.
అతని చెయ్యికింది పోరడు శివరాజు
పాత రిమ్ముల్ని గోడకానించి
ఒక్కోదాన్ని పానాతో కొట్టి వింటున్నడు.
“ఇది పగిలింది అక్కా. గిది మంచిగున్నది, మోగుతుంది చూడు.”
నేనూ చెవిపెట్టిన.
మా ల్యాబులో గాజుసీసాలూ ఇంతే,
పగులు దాచుకోవటం రాదు వాటికి.

నా షోకు చిన్నదే.
వెడల్పు చక్రాలు, వెండి మెరుపు,
మీట నొక్కితే పాలపొడి చల్లినట్టు తెల్లని వెలుగు.
ఆరు నెలల ఓవర్‌టైము
రాణిగంజ్ దుకాణంల లెక్కపెట్టి ఇచ్చి
డబ్బాల్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్న.

మేస్త్రీ వచ్చిండు. టోపీ మడిచి జేబులో పెట్టి
కొత్త చక్రాన్ని జేనతో కొలిచిండు.
“ఒక అంగుళం తక్కువ.
ఇంక నీ మీటరు గొప్పలు చెప్తది బేటీ.
నలభై అంటది, నువ్వు పోయేది ముప్పై ఏడే.
చలాను పడదు, అదొక్కటి లాభం.”
నవ్విండు. ముందు పన్ను లేదు.

తర్వాత లైట్లు.
గుడ్డ విప్పితే పాత గాజులు రెండు,
ఒక్కోదాని నడిమధ్య రూపాయి బిళ్లంత నల్లచుక్క.
ఎప్పటి పెయింటో.
నేను బ్లేడు తీసి ఎడమ కంటిది గీకుతున్న.
“ఆగు,” అన్నడు. అప్పటికే సగం పోయింది.

ఎదురొచ్చేటోని కళ్లల్ల కొట్టకుండ
ఒకప్పుడు బండి బండికీ పెట్టేదట ఆ చుక్క.
పదకొండేండ్ల పోరడు, పెయింటు డబ్బా,
గుండ్రంగ కోసిన అట్టముక్క.
లైటుకు చారాణ.
“నేనే పెట్టిననో, ఇంకోడు పెట్టిండో.
చెయ్యి మాత్రం మంచిది. అంచు చూడు.”
చూసిన. కింద ఒకచోట జారింది.
నేనేమీ అనలేదు.

సాయంత్రానికి చక్రాలెక్కినయి. కొత్త దీపాలెక్కినయి.
మొజంజాహీ మార్కెట్ చౌరస్తాల బస్సు వెనక ఆగిన.
పాత బల్బులప్పుడు ఇక్కడ ఆగితే
ఇంజనుతోపాటు దీపమూ నీరసపడేది.
బస్సు రేకు మీద పసుపు మరక చిన్నబోయి,
కాలు నొక్కితే మళ్లా లేచేది.
నా బండి ఊపిరిని అట్ల చూసుకునేదాన్ని,
ముందున్న బండి వీపు మీద.

ఇప్పుడు తెలుపు.
ఆగినా ఉరికినా ఒక్కటే తెలుపు.
ల్యాబులో ట్యూబులైటు ఇట్లనే ఉంటది,
దాని కింద ఎవరి రక్తమైనా ఒకే తీరు.

గుంతల పడ్డప్పుడు ముందు చక్రం రేకును గీసింది,
కొత్త చెప్పు కరిచినట్టు.
అఫ్జల్‌గంజ్ దాక పోయి మలిపిన.

షట్టరు సగం దించి ఉన్నడు మేస్త్రీ. ఏమీ అడగలేదు.
చక్రాలు ఉంచుకున్న. షోకు షోకే.
రేకు అంచు కొంచెం మలిచి ఇచ్చిండు.
దీపాలు మాత్రం విప్పించిన.
పాత గాజులు, పాత బల్బులు మళ్లా ఎక్కినయి.
ఎడమ కన్ను బోడిగ చూస్తున్నది.

డబ్బా మూత తీసి బ్రష్ పట్టుకుని,
తన చెయ్యిని తానే కాసేపు చూసుకుని,
బ్రష్ నాకిచ్చిండు.
అట్టముక్క లేదు. కోటు జేబు వెతికితే
మందుసీసా రబ్బరు మూత ఒకటి దొరికింది.
దాని చుట్టూ గీసి నింపిన.
కింద ఒకచోట నాదీ జారింది.
శివరాజు చూసిండు, ఏదో అనబోయి
పానాలు సర్దుకున్నడు.

రాత్రి తొమ్మిదయింది.
సిగ్నల్ దగ్గర దీపం చిన్నబోతూ, లేస్తూ,
మీటరు నలభై అని కోతలు కోస్తుంటే
ముప్పై ఏడులో ఇంటికి పోయినం.