కుదురు లేని వెంట్రుక

రుయా ఆస్పత్రి మెట్లమీద
గంధం ఆరని గుండుతో మునిరాజమ్మ:
"ఏ మొక్కు మర్సిపోతినో మా, బిడ్డకిట్లాయ?"

మొగుడు ఆమెకు సొంత మేనమామే.
గుండ్రాలూ చతురస్రాలూ గీసి చూపించాను:
ఒకే అవ్వ నుంచి రెండు దారుల్లో దిగొచ్చిన
ఒకే అక్షరదోషం.
మొక్కుతో పనిలేదన్నాను.
ఏడుపాపి, చెంగుతో మొహం తుడుచుకుని
నాకు పెట్టాల్సిన దండం కొండకు పెట్టింది.

రాత్రి, భవానీనగర్ గదిలో
నా పుస్తకం ఆఖరి అధ్యాయం.
శాస్త్రమూ భక్తీ కలిసే చోటేదని శీర్షిక;
దానికింద రెండు నెలలుగా తెల్లకాగితమే.
"అలిపిరి" అని రాసి కొట్టేశాను, మరీ తేలికని.

పోయినేడు నేనూ తలనీలాలిచ్చాను.
కల్యాణకట్టలో నీళ్లు చల్లి కత్తి ఆనించగానే
ల్యాబు బుద్ధి లేచి కూర్చుంది:
కత్తికి తెగిన వెంట్రుకతో కుదురు రాదు.
కుదురు లేకుంటే నాన్న జాడ పట్టడం కష్టం.
దొరికేది అమ్మ, అమ్మ వాళ్లమ్మ, ఆమెను కన్న
పేరు తెలియని ఒక చంద్రగిరి ఆడమనిషి.
బతికినన్నాళ్లూ కొండెక్కనన్న నాన్న
అట్లా తప్పించుకున్నాడు.
నవ్వొచ్చింది.
కంట్లో వెంట్రుకలు పడి నీళ్లూ వచ్చాయి.

ఇది రుజువు కాదు. ల్యాబులో నవ్వుతారు,
మా అత్త నొచ్చుకుంటుంది.
అయినా ఇదే రాశాను, తెల్లారుజామున,
పక్కింటి ఫోన్లో సుప్రభాతం మోగుతుండగా.

మునిరాజమ్మకు మళ్లీ నాలుగో నెల.
రేపు రిపోర్టు.
నాలుగింట ఒక వంతని చెప్పింది నేనే.
కవరు చింపేముందు నా నోట ఏమొస్తుందో
అధ్యాయంలో రాయలేదు.