జాన, మూర, బార

దూది మూట కట్టిన దినం
నా సైకిలు సైకిలు కాదు,
నడిచే పరుపు.
మూట రెండు పక్కలా పొంగి
కల్లూరు నుంచి నంద్యాల చెక్‌పోస్టు దాకా
సగం రోడ్డు నాదే అయితాది.
కార్లు బారెడు దూరం జరిగి పోతాయి.
నా మీద గౌరవం కాదులే,
అద్దాలకు పోగులంటుకుంటాయని.

మూట దించి వొట్టి సైకిలెక్కితే
మళ్లా దూదేకుల పెద్దకాశీమునే,
లారీ గాలికే చొక్కా ఎగిరే పుల్లమనిషిని.

అట్లాంటి దినమే హంద్రీ వంతెన మీద
మా అన్న మౌలాలిని టెంపో తగిలింది.
నడుం ఇరిగింది. తలకేం కాలేదు.
చూడొచ్చిన ప్రతోళ్లూ
తలకేం కాలేదంట గదా అన్నారు,
నడుం వేరే ఎవురిదో అయినట్లు.

అందుకని ఇమాంబి హెల్మెట్ తెచ్చింది.
పాలిటెక్నిక్‌లో వచ్చిన స్కాలర్‌షిప్ దుడ్లతో.
నీలం రంగు, పైన చిల్లులు,
బోర్లించిన కలింగరకాయ చిప్ప మాదిరి.
"తల ఒకటే గదా నాయనా నీకుండేది."
వాళ్లమ్మ చాట దించకుండానే అనింది:
"అదీ ఎప్పుడూ ఇంట్లో ఉండదు."

పెట్టుకున్నా. మొదటి దినమే అనుమానం.
బండ్లు ముందటికన్నా దగ్గరగా పోతాండాయా,
పట్టీ బిగుతుకు చప్పుడే దగ్గరైందా?

ఇమాంబి అనుమానాన్ని ఊరికే పోనీదు.
మంచం చూస్తూనే ఎంత దూది పడతాదో
చెప్పే కన్ను గదా నీది,
బండ్లు ఎంత ఎడంగా పోతాయో కొలువు అనింది.
పది దినాలు హెల్మెట్టు, పది దినాలు తువ్వాలు.
రాత్రికి నేను చెప్తే తాను రాసుకునేది:
పాల వ్యాను జాన,
ఆటో బెత్తెడు, వాడి అద్దం మోచేతికి తగిలింది,
తెల్ల కారు మూర,
ఆర్టీసీ బస్సు రాసుకోలేదు, నేను కాలవలోకి దిగినా.

ఇరవై దినాలకు తేలింది:
తువ్వాలుకు మూర, హెల్మెట్టుకు జాన.
అంతా కూడితే తేడా జానెడు.
జానెడు పొట్ట కోసం రోడ్డెక్కినోడికి
జానెడు చిన్న లెక్కా?

ఇమాంబే మళ్లా పేజీ తిప్పి,
"హెల్మెట్ దినాల్లో సంత వచ్చింది నాయనా,
రద్దీ ఎక్కువ. ఒక్క పోగుతో నూలు కాదు" అనింది.
నా బిడ్డే, అయినా నా పక్క మాట్లాడదు.

టీ బంకు కాడ లారీ తిక్కస్వామిని అడిగినా.
"తువ్వాలు చుట్టినోణ్ణి చూస్తే భయం సామీ,
యాడ తిరుగుతాడో, యాడ ఆగుతాడో.
ఆ టోపీ పెట్టినోడు రోడ్డు తెలిసినోడు,
నిక్కంగా పోతాడులే అని
పక్కనుంచే పోనిస్తాం."

అంటే నా జాగ్రత్తలోంచి
వాడు రోజూ ఇంత అప్పు తీసుకుంటాండు,
నన్నడక్కుండానే.
తీరుస్తాడా అంటే, టీ దుడ్లు మాత్రం వాడే ఇచ్చినాడు.

రాత్రంతా హెల్మెట్టు తీసి పారేద్దామనే.
తెల్లారి సోఫియా లాడ్జి పరుపు కుడతా కుడతా
సూది ఆపినా.
నేను కుట్టేదీ ఇంతే గదా.
పడినాక మెత్తగుంటాది,
పడకుండా పట్టుకోదు.
అట్లని ఎవురైనా బండ మీద పడుకుంటారా?

హెల్మెట్టు లోపల పిడికెడు దూది పరిచినా.
తల మీద పెట్టి పట్టీ బిగించి
దాని మీద పాత గళ్ల తువ్వాలు చుట్టినా,
యాడ తిరుగుతాడో తెలియనోడి మాదిరి.
ఇమాంబి చూసి నవ్వాపుకోలేక
గడప మీదే కూర్చుండిపోయింది.

వంతెన ఎక్కతానే వెనక హారను.
కారు పోయింది.
జానో, మూరో, బారో.
చూడలేదు.
ముందర గుంత ఉండె.