జామ్ డబ్బా

నా సంచీలో బొమ్మల అట్టలుంటాయి:
పొడుగు గ్లాసు, పొట్టి గ్లాసు, బీరు సీసా,
ఐదు లీటర్ల వెండిరంగు వైన్ సంచి.
తల్లి ముందు పేకముక్కల్లా పరుస్తాను.
కడుపుతో ఉన్నానని ఇంకా తెలియని రోజుల్లో
శుక్రవారం కూలి డబ్బులు చేతికొచ్చాక
ఏది? ఎన్ని? ఎంతమందితో పంచుకున్నావు?
అడిగేటప్పుడు గొంతు బల్లపరుపుగా ఉండాలని
కేప్‌టౌన్‌లో నాకు మూడు రోజులు నేర్పారు.

లీస్‌బెట్ అపోలిస్ అట్టలన్నీ చూసింది.
ద్రాక్షతీగలు కత్తిరించే చేతులు,
గోళ్ల సందుల్లో గంధకం పొడి.
"నా గ్లాసు వీటిలో లేదు" అంది.
లోపలికెళ్లి పట్టుకొచ్చింది:
ఆప్రికాట్ జామ్ డబ్బా.
అంచు సుత్తితో అణిచి, తీగ మెలేసి పిడి కట్టింది.
వాళ్ల తాతది.
తెల్లారకముందొకటి, పదింటికొకటి,
ఎండ నెత్తికెక్కాక ఒకటి, పొద్దువాలాక రెండు.
ఆయన కూలిలో సగం ఆ డబ్బాలోనే కొలిచి పోసేవారట.
ఆ పద్ధతిని చట్టం రద్దు చేసింది.
డబ్బాని ఎవరూ రద్దు చెయ్యలేదు.

అరువడిగి తెచ్చాను.
ల్యాబులో సింకు దగ్గర నిలబడి
అంచుదాకా నీళ్లు పట్టి కొలజాడీలోకి వొంపాను.
మూడు వందల నలభై మిల్లీలీటర్లు.
నూటికి పన్నెండు పాళ్లు ఆల్కహాల్.
శుక్రవారం రెండు, శనివారం మూడు,
ఆదివారం చర్చి నుంచొచ్చాక ఒకటి.
హెచ్చవేశాను. అంకె గడిలో చక్కగా ఇమిడింది.
తొమ్మిదో వారంలో తెలిసింది.
తెలిసిన రోజే మానేసింది.
ఆ గడి కింద నేను రెండు గీతలు గీశాను.
గీతలకి కంప్యూటర్లో చోటు లేదన్నారు.

ఎల్రికోకి ఎనిమిదేళ్లు.
అసలు స్కానర్‌కి ముందు ఉత్తుత్తి స్కానర్ ఒకటుంది,
పిల్లలకి పడుకోవడం అలవాటు చెయ్యడానికి.
సొరంగంలోకి తొంగిచూసి వాడన్నాడు:
"మా నాన్న వైన్ ట్యాంకు కడగడానికి ఇట్లాంటి దాంట్లోకే దూరతాడు.
దీనికి వాసన లేదేం?"
నుదుటి మీద పది సెంట్ల నాణెం పెట్టాం. పడనివ్వకు అన్నాం.
పద్నాలుగుసార్లు పడింది.
పదిహేనోసారి వాడు ఊపిరి కూడా బిగబట్టాడు.

తెర మీద మెదడు
అడ్డంగా కోసిన క్యాబేజీలా విచ్చుకుంది.
రెండు సగాల్నీ కలిపే తెల్లటి వంతెన
వెనకవైపుకొచ్చేసరికి సన్నగా,
ఉతికి ఉతికి పలచబడ్డ చీరంచులా.
నేను వేలు పెట్టబోయాను.
డాక్టర్ ఫూరీ తల అడ్డంగా ఊపారు.
ఒక్క బొమ్మ ఏమీ చెప్పదు,
రెండు వందలమంది పిల్లల సగటు చెబుతుంది,
అదీ కొంచెం.

లీస్‌బెట్ తలుపు దగ్గరే నిలబడి అడిగింది:
"ఆ బొమ్మలో నా డబ్బా కనిపిస్తోందా?"
ఫలితాలు గుంపుకే గానీ ఒక్కరికి కావు.
నేర్చుకున్న వాక్యం. అప్పజెప్పాను.
మేస్త్రీ హాజరు పిలిచినప్పుడు ఊపినట్టే
తల ఊపింది.

శిక్షణలో మేం ఒకరి మొహం ఒకరం కొలిచాం.
ముక్కుకీ పైపెదవికీ నడుమ ఉండే గాడి,
ఎంత లోతుంటే అంత నిశ్చింత.
నన్ను కొలిచిన పిల్ల
అంకె పైకి చదవకుండా రాసుకుంది.
నేను పుట్టింది వాళ్ల పక్క తోటలోనే.
మా అమ్మ ముందు ఎవరూ అట్టలు పరచలేదు.
ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.
ఉన్నా, ఈ గొంతుతో అడగగలనా?

తిరుగు వ్యానులో డబ్బా వాళ్లకిచ్చేశాను.
కొండల మీద ఇంకా కొంచెం మంచు.
వాడు గెలుచుకున్న నాణేలు అందులో వేసి ఆడిస్తున్నాడు,
తర్వాత ఒళ్లో పోసుకుని లెక్కపెట్టాడు.
ఒకటి. రెండు. నాలుగు.
లీస్‌బెట్ దిద్దలేదు. చాలాసేపు ఆగి,
"మూడేదిరా?" అంది మెల్లగా.
వాడు గబుక్కున వంగి
సీటు కింద వెతకడం మొదలెట్టాడు.
నేను కాళ్లు పక్కకి జరుపుకున్నాను,
వాడికి కనబడేలా.