సున్నా కొస

గొలుసు పట్టేవాణ్ణి నేను.
ఇప్పుడు గొలుసు లేదు, టేపు;
పేరు మాత్రం చైన్‌మ్యానే.
ఇరవై రెండేళ్లుగా
అంకెలు చదివే కొస అధికారి చేతిలో,
సున్నా ఉన్న కొస నా బొటనవేలి కింద.

బేతంచెర్ల దాటి నాలుగు మైళ్లు.
నాపరాళ్లే గోడలు, నాపరాళ్లే కంచెలు,
పంచర్ షాపు ముందు బల్ల కూడా నాపరాయే.
జీపు ఆగిన చోట నేల కూడా ఆగిపోయింది.
కింద, మెట్లు మెట్లుగా తవ్విన గుంత అడుగున
పాలు కలిపిన పచ్చరంగు నీళ్లు.

పర్వీన్ మేడం బానెట్ మీద ఫైలు పరిచింది.
ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాతి పలుకులు పెట్టాను.
పునరుద్ధరణ అనుమతి, గడువు పొడిగింపు.
గుంత పూడ్చినది: అరవై శాతం.
పైమన్ను నిల్వ: ఉంది.
నాటిన మొక్కలు: పన్నెండు వందలు.

ముందు మొక్కల దగ్గరికే పోయాం.
ఒక కానుగ మొక్కను ఆమె రెండు వేళ్లతో లాగితే
మారుమాట లేకుండా వచ్చేసింది.
వేరు లేదు. కొడవలి కోత ఇంకా తడిగానే ఉంది.
“ఎండలు మేడం” అన్నాడు
మేనేజరు చంద్రోబుళరెడ్డి.
నాకు నవ్వొచ్చి, చుట్టిన టేపునే మళ్లీ చుట్టాను.

మన్ను గుట్ట ఉండాల్సిన చోట
లారీ టైర్ల జాడలు
ఇటుకబట్టీల దిక్కుకు.

అప్పుడొచ్చారు ఊరివాళ్లు.
ఇంక తిట్లే అనుకున్నా.
“పూడ్సొద్దు మేడం” అన్నాడు గొర్రెల సుంకన్న.
“బోర్లు ఎండినప్పుడు ఈ గుంతే సాకింది మమ్మల్ని.
మా ఎర్రగడ్డలు దీని నీళ్లే తాగినాయి.
నువ్వు సంతకం బెడితే మళ్లీ ట్యాంకరు కాడ కొట్లాటే.”

రెడ్డి మొహంలో దీపం వెలిగింది.
“చూశారా మేడం, జనం మాటే మా మాట.”
పూడ్చడానికి కట్టాల్సిన డబ్బులు మిగుల్చుకున్నవాడు
అదే నోటితో దానధర్మం మాట్లాడుతున్నాడు,
అబద్ధం కూడా కాదు, అదే తంటా.

“పూడ్సండి.”
వెనక నుంచి, ఒక్క మాట.
మద్దిలేటమ్మ. గుంతలో మూడెకరాలు ఆమెవి.
పోయినేడు రెండో మెట్టు మీద
ఆమె మనవడి చెప్పులు దొరికాయట;
చెప్పులు ఆ రోజు, పిల్లోడు మరుసటి రోజు.
తీసింది సుంకన్నే.

“నీళ్లు కావాల గదత్తా” అన్నాడు, నేల చూస్తూ.
“కావాల.
నా మోటరు గూడా దాంట్లోనే ఉండాది.
అయినా పూడ్సమంటాండా.”

ఆ మాటకి ఫైల్లో గడి లేదు.
పూడ్చినది, పూడ్చనిది,
రెండే గడులు.
మేడం పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.
“ముందు లోతు చూద్దాం.”

ఇక్కడో సంగతి చెప్పాలి.
నా టేపుకి సున్నా లేదు.
పదేళ్ల కిందే అరిగిపోయింది.
ఒకటి దగ్గర పట్టుకుంటాను,
ఒకటి తీసేసి చెబుతాను.
కొత్త టేపు కోసం మూడుసార్లు రాశాను,
మూడుసార్లూ జవాబు రాలేదు.

ఒకటి మీద రాయి కట్టి నీళ్లలోకి వదిలాను.
మోటరు పైపు పక్క నుంచి దిగింది,
పాకుడు దాటి దిగింది,
నా చేతిలో బరువు ఎప్పుడు తేలికైందో తెలీలేదు.
“పదకొండు మీటర్లు” అని పైకి అరిచాను.
గుంత కూడా అదే అంకె అరిచింది.
మద్దిలేటమ్మ మెట్టు మీద కూలబడి
ఆ అంకెను పెదాలతో మళ్లీ అనుకుంది.

మేడం రాసింది నేను చూశాను:
పొడిగింపునకు సిఫారసు చేయడం లేదు.
పూడ్చు విషయము: మళ్లీ పరిశీలించవలెను.
తేదీ వేసింది. సంతకం దగ్గర సిరా గీరుకుపోయింది.

డోన్ రోడ్డు ఎక్కాక గుర్తొచ్చింది,
ఒకటి తీసేయలేదని.
చెబుదామని ముందుకు వంగాను.
ఆమె ఒళ్లో ఫైలు పెట్టుకుని
బయట పోతున్న ఒక నీళ్ల ట్యాంకరును
మలుపు తిరిగేదాకా చూస్తోంది.
వెనక్కి జారి కూర్చున్నాను.
తడి టేపు నా మోకాలి మీద
ఇంకా కారుతూనే ఉంది.