గది ఖాళీగా ఉండాలి

ఫర్వానియాలో, మూడో అంతస్తులో,
ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేసిన గదిలో
ఒక సగం మాది. నలుగురం.
ఆ సగంలోనే ఇంగ్లీషు మాటలకీ కాస్త చోటిచ్చాను.

పళ్ళ డాక్టరు దగ్గర నేను రాసే అపాయింట్‌మెంటు కార్డుల్లో
తేదీ దాటినవి తెచ్చుకుని
వెనకవైపు నల్ల స్కెచ్చుతో రోజుకో మాట.
వాటి అవతల ఎక్కడో ఒక చదువుంది,
ఏ ఊళ్ళోనో ఇంకా తేలలేదు.

ఎక్కడ అతికిస్తే గుర్తుంటుందో అక్కడ అతికించేదాన్ని.
కిటికీకి ఒపేక్. తెరిస్తే పక్క బిల్డింగు గోడే.
ఫ్రిజ్ మీద పార్సిమొనీ,
ఒక్క ఎర్రగడ్డని రెండు కూరలకి సాగదీసే ఓబులమ్మ కోసం.
ఫ్యాను రెక్కకి పెట్టిన వర్టిజినస్
ఆ రాత్రే ఎగిరి
మార్తమ్మ చేపల పులుసులో పడింది.

పదకొండుకి అరబ్బోళ్ళ ఇంటి నుంచి వచ్చి
అబాయా మేకుకి తగిలిస్తూ ఖాసింబీ అడిగేది:
"ఏమ్మే, ఈ పొద్దు మాటేంది?"
ఈక్వివొకేట్, అన్నానొకరోజు.
అవుననకుండా కాదనకుండా మనిషిని నడిమధ్య నానబెట్టడం.
"రాయచోటి ఏజెంటు," అంది కుబూస్ తుంచుతూ.
గారులస్?
అందరం మార్తమ్మ వైపు చూశాం.
ఆమె ఫోన్లో ఉంది, వినలేదు.

పాలియేట్ దగ్గర నేనే తడబడ్డాను.
నొప్పి తగ్గుతుంది గానీ రోగం అట్లే ఉంటుంది, అన్నాను.
ఖాసింబీ మోకాళ్ళకి బాము రుద్దుకుంటూ
ఏమీ అనలేదు.
లైటు తీసేసిన చాలాసేపటికి
పై మంచం మీంచి
"అంటే జీతం."
పొద్దున లేచేసరికి ఆ కార్డు
ఆమె దిండు పక్క గోడకుంది.

పరీక్ష ఇంట్లోనే రాయొచ్చని తెలిసి సంబరపడ్డాను.
తర్వాత నిబంధనలు చదివాను.
గదిలో ఇంకెవరూ ఉండకూడదు.
తలుపు మూసి ఉండాలి.
గోడల మీద ఏ రాతా ఉండకూడదు.
అంత ఖాళీని ఈ ఊళ్ళో
ఎన్ని దినార్లకి అద్దెకిస్తారు?

ఆగస్టు. శుక్రవారం. మధ్యాహ్నం రెండు.
ఫ్లాస్కూ విసనకర్రా ఫోను చార్జరూ పట్టుకుని
ముగ్గురూ చెప్పులేసుకున్నారు.
ప్లైవుడ్ అవతలి శ్రీలంక ఆడవాళ్ళకి
చేతులు జోడించి మరీ చెప్పిందట ఓబులమ్మ,
రెండు గంటలు దగ్గొద్దని.

కార్డులన్నీ పీకాను. వాటితో పాటు గోడ రంగూ కొంచెం.
తెరలోంచి ఎవరిదో గొంతు
ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పి చూపించమంది.
మంచాలు నాలుగు. దిండ్లు నాలుగు.
మేకుకి నల్ల అబాయా.
గదిలో మీరొక్కరేనా?
ఎస్, అన్నాను.
ఇంగ్లీషులో అది ఎంత చిన్న మాటో.

గోడ మీది మాటల్లో రెండే వచ్చాయి.
ఒకటి తెలిసింది.
రెండోదానికి పులుసు వాసన గుర్తొచ్చింది గానీ
అర్థం గుర్తు రాలేదు.

నాలుగున్నరకి తలుపు కొట్టారు, వాళ్ళ గది తలుపే.
బకాలా వాడు ఒక గంట నీడనిచ్చాడట,
తర్వాత మెట్ల మీద కూర్చున్నారట.
మొహాలు కందిపోయి, మెడల మీద ఉప్పు చారలు.
మార్కులు అడుగుతారనుకున్నాను.
ఓబులమ్మ నేరుగా పంపు కిందికి పోయింది.

ఖాసింబీ కార్డుల కుప్ప ముందు కూర్చుంది.
ఆమెకి ఇంగ్లీషు రాదు.
పార్సిమొనీ ఫ్రిజ్ మీదికి,
ఒపేక్ కిటికీకి,
ఒక్కటీ తప్పకుండా దేని చోటికి దాన్ని పంపింది.
అయిపోయిందిగా ఖాసింబీ, ఇంకెందుకు?
"గోడ బోసిగుంది," అంది.
మళ్ళీ వెతికి,
"నడుమ రెండు కట్టెలు నిలబడుండేది, అది యాడ పెట్నావు?"

నా కిందే ఉంది, కుర్చీలో.
రెండు గంటలూ దాని మీదే కూర్చున్నాను.
చెమటకి ఒక కట్టె చెరిగిపోయింది.
మళ్ళీ రాసిస్తానుండమనే లోపలే
నిచ్చెనెక్కి
అతికించేసుకుంది.