మేకులు తీసిన చేతులు

సర్జాపుర రోడ్డులో, పద్నాలుగో అంతస్తు స్లాబు కింద
లేయమ్మ మొలలు పీకుతుంటుంది.
సెంట్రింగు విప్పిన పలకని ఒళ్ళోకి లాక్కుని
చిన్న పలుగు నోటితో మొల తల పట్టి
ఒక్క గుంజు.
వంకర పోయినదాన్ని రాయి మీద పెట్టి
సుత్తితో నాలుగు దెబ్బలు.
డబ్బాలో టంగుమంటుంది.
ఎమ్మిగనూరు వదిలిన ఆరేళ్ళలో
ఎన్ని డబ్బాలు నింపిందో ఆమెకే తెలీదు.

శుభ శుక్రవారమంటే మేస్త్రీ సెలవివ్వలేదు.
ట్యాంకరు నీళ్ళతో మొహాలు కడుక్కుని
టైర్ల కొట్టు మీది మా అద్దె గదికి చేరేసరికి
మూడు గంటల ఆరాధన ఆరున్నరైంది.
సిలువ అర్థం చెప్పే వంతు ఈసారి నాది.
కడ్డీలు వంచేవాణ్ణి, కాగితం రాసుకొచ్చాను:
అప్పు, పూచీ, క్రయధనం,
మన పద్దు ఆయన నెత్తురుతో కొట్టివేత.
బాగానే చెప్పాను. రెండు ఆమెన్‌లు కూడా పడ్డాయి.

చెప్పులు వేసుకుంటూ లేయమ్మ అడిగింది:
"అబ్బోడా, కొట్టినోళ్ళ సంగతి చెప్తివి.
పీకిందెవురు?"

"ఏందవ్వా?"

"మొలలు. ఆయప్పను దించల్లంటే ముందు మొలలు పీకల్ల గదా.
కొట్టేది ఎవడన్నా కొడతాడు. పీకేదే కష్టం.
పలుగుకు ఆనిక కావల్ల.
చెక్క నలుగుతాదని నేను మధ్యలో గుడ్డపేలిక పెడతా.
వాళ్ళు దేని మీద ఆనించినారు?
ఆ అరచేతి మీదనేనా?"

నా కాగితంలో ఆ వరస లేదు.
ట్యూబులైటు కింద నాలుగు సువార్తలూ తిప్పాను.
యోసేపు దేహాన్ని అడిగాడు. నారబట్ట ఉంది,
సుగంధ ద్రవ్యాలకు తూకం కూడా ఉంది.
మేకులు తీసిన చేతులు లేవు.
రెండు వచనాల నడుమ ఖాళీలో
నా వేలు ఆగిపోయింది.

ఆ రాత్రి రేకుల షెడ్డులో
ఆమె కొడుకు ఓబేదు గుర్తొచ్చాడు.
ఆరో అంతస్తు నుంచి ఊచల మీద పడ్డప్పుడు
పోలీసులొచ్చేదాకా ముట్టుకోవద్దన్నారట.
ఈమె ఎవరి మాటా వినలేదట.
కొంగు మడిచి మధ్యలో పెట్టి
తానే దించిందట.

సిలువ మీద దేవుడేం చేశాడో చెప్పడానికి
నా దగ్గర ఇంకా మాటలున్నాయి.
దించేటప్పుడు మాత్రం ఆయనేమీ చెయ్యలేదు.
లోకాన్ని మోసేవాడు
ఎవరి భుజం మీదో పడ్డాడు,
కూలివాడి శవమంత బరువుగా.
అంత దాకా దిగొచ్చాడు.
పద్దుల్లో ఇది ఎక్కడ రాయాలి?

తెల్లారి పనిలో తలెత్తి చూశాను.
ప్రతి మొల బెజ్జంలోకీ సిమెంటు పాలు దిగి
కప్పు నిండా చిన్న చిన్న పొక్కులు.
సోమవారం పుట్టీవాళ్ళొచ్చి గీకి నున్నగా పూస్తారు.
కింద పడుకునేవాళ్ళకు ఏ గుర్తూ కనపడకూడదు.
ఆయన లేచొచ్చాక కూడా
తన బెజ్జాలు పూడ్చుకోలేదు.
వేలు పెట్టి చూడమన్నాడు తోమాని.

"దొరికిందా?" అంది లేయమ్మ, తలెత్తకుండానే.
"లేదవ్వా. రాయలేదు."
"రాయరులే. పీకినోళ్ళ పేరు ఎవురు రాస్తారు?"

కాసేపటికి మళ్ళీ తనే అంది:
"గుడ్డ పెట్టే ఉంటారులే."

ఇంకో పలకని
ఒళ్ళోకి లాక్కుంది.